ఒకటి, మైనస్ రెండు, ఒకటి

కంప్యూటర్‌లో గాలినీ నీటినీ పారించి చూసే ప్రోగ్రామును, ఇంజినీర్లు సీఎఫ్‌డీ అని పిలిచేదాన్ని, ఏదైనా విప్పి చూడండి. వేల లైన్ల అడుగున ఎక్కడో మూడు అంకెలు దొరుకుతాయి: 1, మైనస్ 2, 1. వరసగా మూడు చోట్ల ఉష్ణోగ్రత 30, 31, 34 డిగ్రీలు ఉందనుకుందాం. రెండు కొసలనూ కూడి, మధ్యదాన్ని రెండుసార్లు తీసేస్తే 2 మిగులుతుంది. ఆ రెండుని చోట్ల మధ్య దూరపు వర్గంతో భాగిస్తే రెండో అవకలజం చేతికొచ్చినట్టే. ఇంటర్మీడియట్‌లో డీ స్క్వేర్ వై బై డీ ఎక్స్ స్క్వేర్ అని రాస్తూ చెమటలు కక్కింది దీని గురించే. ఇక్కడ అది అడిగేది ఒక్కటే: పక్కవాళ్ల సగటుకీ నీకూ ఎంత తేడా? పక్కవాళ్ల సగటు 32, మధ్యది 31. అంటే మధ్యచోటు ఇంకాస్త వేడెక్కబోతోంది.

పాఠ్యపుస్తకాలు దీన్ని టేలర్ శ్రేణితో నాలుగు లైన్లలో తేల్చేసి ముందుకెళ్లిపోతాయి. సౌష్ఠవం వల్ల బేసి పదాలు కొట్టేసుకుంటాయి, మిగిలిన తప్పు దూరపు వర్గంతో పాటు తగ్గుతుంది, గళ్లను సగానికి తెస్తే తప్పు పావు అవుతుంది. అంతే. నిజమే కానీ, ఒక మంచి తలుపు చూపించి చెక్క కొలతలు మాత్రమే చెప్పినట్టుంటుంది. ఈ మూడంకెల పనితనం తెలియాలంటే గళ్లు సమానంగా లేనిచోట, పదార్థం మారేచోట, గోడ తగిలేచోట వాటిని ఎలా నిలబెట్టారో చూడాలి.

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద తూంకుంట దాటి శామీర్‌పేట, తుర్కపల్లి వైపు వెళ్తే అలాంటి చోట్లు బోలెడు. అక్కడి బయోటెక్ సంస్థల కూడలి జీనోమ్ వ్యాలీలో, కణాలను పెంచే స్టీలు తొట్టి, అంటే ఫెర్మెంటర్, అరుదైన వస్తువు కాదు. ఈ ఉత్తర శివారుకి పేరు తెచ్చిన తొలి టీకాల్లో ఒకటి, మేడ్చల్‌లో ప్లాంటు ఉన్న శాంతా బయోటెక్నిక్స్ 1997లో తెచ్చిన హెపటైటిస్-బి టీకా షాన్‌వాక్-బి, ఈస్టు కణాల్లో తయారైనదే. ఈస్టుకి తిండి ఒక్కటే చాలదు. ఆక్సిజన్ అందుతూ ఉండాలి, తాను పుట్టించే వేడి బయటికి పోతూ ఉండాలి. ఈ రెండింటి వెనకా ఉన్నది వ్యాపనం. వేడికి ఫోరియర్, కరిగిన పదార్థానికి ఫిక్, ద్రవపు జిగటకి నేవియర్, స్టోక్స్ అని పేర్లు మారతాయి గాని సమీకరణంలో కూర్చునేది అదే రెండో అవకలజం.

అది ఎంత నిదానమో చూడండి. కదలని నీటిలో ఆక్సిజన్ ఒక సెంటీమీటరు దూరం విస్తరించడానికి దాదాపు 14 గంటలు పడుతుంది. మీటరు దూరానికైతే సుమారు పదహారేళ్లు. దూరం వంద రెట్లయితే కాలం పదివేల రెట్లు. అందుకే ఫెర్మెంటర్ నడుమ మోటారు పెట్టి రెక్కల చక్రాన్ని తిప్పుతారు. అయితే ఎంత తిప్పినా గోడని అంటుకుని, గాలి బుడగని అంటుకుని ఒక పలుచని పొర మిగిలిపోతుంది. ఆ పొరని దాటించే పని మళ్లీ వ్యాపనానిదే. తొట్టి నిండా సుడులు తిరుగుతున్నా ఈస్టు బతుకు ఆ కాస్త మందంలో తేలుతుంది. సిమ్యులేషన్ చేసేవాళ్లు రెండో అవకలజాన్ని అంత జాగ్రత్తగా కట్టుకోవడానికి కారణం ఇదే. శామీర్‌పేట దారిలోనే జవహర్‌నగర్‌లో 2008లో మొదలైన బిట్స్ పిలానీ క్యాంపస్ ఉంది. ఇంజినీరింగ్ తరగతిలో ఈ అంకెలు బోర్డు మీది సమీకరణం, కొన్ని కిలోమీటర్ల అవతల ప్లాంట్లలో అవే చన్నీళ్ల జాకెట్ తొడుక్కున్న స్టీలు గోడ.

కంప్యూటర్లు రాకముందే ఈ పనిని మనుషుల చేత చేయించినవాడు ఇంగ్లండుకి చెందిన లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్. 1910లో రాతి ఆనకట్టలోని ఒత్తిళ్లను ఈ పద్ధతిలో లెక్కగట్టి పత్రం రాశాడు. రెండు దిక్కుల్లో కాబట్టి నలుగురు పొరుగువాళ్లను కూడి మధ్యదాన్ని నాలుగుసార్లు తీసేయాలి. దానికి కుర్రాళ్లను పెట్టి ముక్కకింత అని కూలి కట్టాడు: ఒక్కో బిందువుకి, సంఖ్యలో ఎన్ని అంకెలుంటే అన్ని పద్ధెనిమిదో వంతుల పెన్నీ. అంటే మూడంకెల సంఖ్యకి పెన్నీలో ఆరో వంతు. చురుకైన కుర్రాడు వారానికి రెండు వేల దాకా చేసేవాడట. తప్పుగా వేసినవి లెక్కలోకి రావు. రెండో అవకలజానికి కూలి రేటు కట్టి దాన్ని పరిశోధన పత్రంలో అచ్చు వేయించిన మనిషి నాకు తెలిసి ఇతనొక్కడే.

ఇక పనితనం. రెండో అవకలజమంటే అవకలజానికి అవకలజం. మొదటి అవకలజం కట్టే రొటీను ఒకటి రాసి పెట్టుకున్నాం కదా, దాన్నే రెండుసార్లు పిలిస్తే పోలా అని కొత్తగా కోడ్ రాసే ఎవరికైనా తోస్తుంది. అలా చేస్తే వచ్చేవి 1, 0, మైనస్ 2, 0, 1. దగ్గరి పొరుగువాళ్లు మాయమై, ఒకటి వదిలి ఒకటి పలుకుతాయి. కాగితం మీద ఇదీ అదే తరగతి ఖచ్చితత్వం. పరీక్ష పెడితేనే బండారం బయటపడుతుంది. గళ్లలో విలువలు 1, మైనస్ 1, 1, మైనస్ 1 అంటూ రంపపు పళ్లలా ఉన్నాయనుకోండి. ఇంతకన్నా పదునైన ఎగుడుదిగుడు ఆ గళ్లలో ఇమడదు. దాన్ని చదును చేయడమే వ్యాపనం పని. 1, మైనస్ 2, 1 అనే ఇరుకు సూత్రం, విలువ 1 ఉన్నచోట, మైనస్ 4 అని గట్టిగా మందలిస్తుంది. వెడల్పు సూత్రం 1 మైనస్ 2 ప్లస్ 1 వేసి సున్నా అంటుంది. దాని కంటికి అంతా చదునే.

ఇది పుస్తకాల్లోని భయం కాదు. పీడనాన్ని ఇలా కట్టినందుకే తొలినాటి ప్రవాహ లెక్కల్లో చదరంగం బల్లలాంటి పీడనాలు పుట్టుకొచ్చాయి. లాస్ అలమోస్‌లో హార్లో, వెల్చ్ 1965లో దీనికి చూపిన దారి ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది: పీడనాన్ని గడి మధ్యలో ఉంచి, వేగాలను గళ్ల హద్దుల మీదికి జరిపేశారు. అప్పుడు పీడనాల తేడా ఎక్కడ కావాలో అక్కడే పుడుతుంది, ఇరుకు సూత్రం తనంతట తానే వస్తుంది. మెలికలు తిరిగిన ఆకారాలకి ఆ ఏర్పాటు కష్టం. 1983లో రీ, చౌ అన్నీ మధ్యలోనే ఉంచి, హద్దు దగ్గరి వేగానికి మాత్రం ఇరుకు, వెడల్పు సూత్రాల మధ్య తేడాని కలిపారు. నున్నని పీడనం ఉన్నచోట ఆ తేడా దాదాపు శూన్యం. రంపపు పళ్లు లేచినచోట మాత్రమే అది నిద్రలేస్తుంది. ఇంత పొదుపైన మరమ్మతు ఈ రంగంలో ఇంకొకటి చూడలేదు.

నా దృష్టిలో మొత్తం నేర్పు ఆ హద్దు దగ్గరే ఉంది. రెండు గళ్ల మధ్య హద్దు మీద వాలుని ఒక్కసారే కొలుస్తారు: కుడి విలువలోంచి ఎడమది తీసి, దూరంతో భాగించి, ఉష్ణవాహకతతో గుణిస్తారు. అదే ఆ హద్దుని దాటిన వేడి. కుడి గడి ఖాతాలో దాన్ని ఖర్చు రాస్తే ఎడమ గడి ఖాతాలో జమ రాస్తారు. మూడంకెల్లోని మైనస్ 2 ఎక్కడిదంటారా? ఒక గడికి రెండు హద్దులు, ఒక్కో హద్దు దగ్గరా ఒక్కో మైనస్ 1. ఇలా కట్టాక ఏ గడిలోనూ వేడి ఉత్తినే పుట్టదు, ఉత్తినే మాయమవదు. గళ్ల అల్లిక, అంటే మెష్, ముతకగా ఉండొచ్చు, ఉష్ణోగ్రతలు తప్పు కావొచ్చు, మొత్తం జమాఖర్చు మాత్రం పైసా తేడా లేకుండా కలుస్తుంది.

పదార్థం మారేచోట ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. ఫెర్మెంటర్ గోడ స్టెయిన్‌లెస్ స్టీలు, ఉష్ణవాహకత మీటరుకి డిగ్రీకి సుమారు 16 వాట్లు. దాన్ని అంటిన నీటి పొరది 0.6. ఒక గడి స్టీలులో, పక్క గడి నీటిలో ఉంటే హద్దు మీద ఏ విలువ వేయాలి? మామూలు సగటు వేస్తే 8.3. పుణెలో పుట్టి మిన్నెసోటాలో స్థిరపడిన సుహాస్ పటాంకర్ 1980 నాటి తన పుస్తకంలో వద్దు అంటాడు, కారణం కూడా చెబుతాడు. వేడి ముందు సగం గడి స్టీలు, తర్వాత సగం గడి నీరు దాటాలి. రెండు అడ్డంకులూ వరసగా ఉన్నాయి కాబట్టి అడ్డంకులను కూడాలి, వాహకతలను కాదు. అలా కూడితే వచ్చేది హరాత్మక మధ్యమం, ఇక్కడ దాని విలువ 1.16. మామూలు సగటు ఏడు రెట్లు ఎక్కువ వేడిని దాటించేస్తోందన్నమాట. ఆ లెక్క నమ్మి చన్నీళ్ల జాకెట్ కొలతలు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒక పక్కన వాహకత సున్నా అనుకోండి, అంటే వేడిని బొత్తిగా పోనివ్వని పదార్థం. హరాత్మక మధ్యమం సున్నా ఇస్తుంది. మామూలు సగటు మాత్రం అవతలి పక్కదానిలో సగం చేతిలో పెట్టి, ఆ అడ్డుగోడలోంచే వేడిని కారనిస్తుంది. ఒక్క గుణకం ఎంచుకునే తీరులో భౌతికశాస్త్రం ఇంత ఇమడడం నాకు ఎప్పటికీ అబ్బురమే.

తొట్టి అడుగు గుండ్రన, లోపల రెక్కలు, పక్కన అడ్డుపలకలు. చదరపు గళ్లు అక్కడ కూర్చోవు, వంకరపోతాయి. అప్పుడు రెండు గడి కేంద్రాలను కలిపే గీత వాటి మధ్య హద్దుకి నిటారుగా ఉండదు. మనకి కావలసింది హద్దుకి నిటారు దిశలో వాలు, చేతిలో ఉన్నది గీత దిశలో వాలు. ఉచిత సాఫ్ట్‌వేర్‌గా 2004లో విడుదలైన ఓపెన్‌ఫోమ్‌లో ఈ సంగతంతా సెట్టింగుల ఫైలులో ఒక్క లైను: గాస్ లీనియర్ కరెక్టెడ్. మూడు మాటలూ మూడు నిర్ణయాలు. గాస్ అంటే పైన చెప్పిన హద్దుల జమాఖర్చు. లీనియర్ అంటే హద్దు మీద గుణకానికి మామూలు సగటు. స్టీలూ నీరూ కలిసేచోట ఆ మాట తీసేసి హార్మోనిక్ అని రాయొచ్చు. కరెక్టెడ్ అంటే ఈ వంకరకి దిద్దుబాటు.

ఆ దిద్దుబాటుని విడిగా చూడాలి. హద్దుని రెండు ముక్కలుగా విడదీస్తారు. గీత వెంట ఉండే ముక్క సమీకరణాల పట్టికలోకి వెళ్తుంది, మిగిలిన ముక్కకి గత విడతలో తెలిసిన వాలులను వాడతారు. విడదీసే తీరులు మూడు ఉన్నాయి. ఇంపీరియల్ కాలేజీలో హర్వోయె యాసాక్ 1996 నాటి సిద్ధాంత గ్రంథం వాటిని పోల్చి చూపిస్తుంది. అందులో గెలిచిన పద్ధతి చూడగానే తిరకాసుగా అనిపిస్తుంది. వంకర పెరిగినకొద్దీ, అంటే గీత మీద నమ్మకం తగ్గినకొద్దీ, గీత వెంట ఉండే ముక్కని పెంచుకుంటూ పోతుంది. కోణం 60 డిగ్రీలైతే అది రెండింతలవుతుంది. ఎందుకంటే పట్టికలోకి వెళ్లే ముక్క బలంగా ఉంటే సాధన కుదురుగా నడుస్తుంది, ఎక్కువైనదాన్ని రెండో ముక్క తర్వాత తీసేస్తుంది. కోణం 70 డిగ్రీలు దాటితే మెష్ తనిఖీ చేసే ప్రోగ్రాము హెచ్చరిక జారీ చేస్తుంది. అక్కడ సెట్టింగులతో కుస్తీ పట్టడం కన్నా మెష్ మళ్లీ వేసుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇంతవరకూ చెప్పింది హద్దుల దారి. ఇంకో దారి ఉంది, దానికి పెద్ద ఉపాధ్యాయుల్లో ఒకరు మనవారే. వరంగల్‌లో పుట్టి, 1968లో ఉస్మానియాలో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి అమెరికా వెళ్లిన జె.ఎన్. రెడ్డి. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా ఉన్నారు, 2019లో టిమొషెంకో పతకం అందుకున్నారు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతికి ఆయన 1984లో రాసిన పరిచయ గ్రంథం ఎన్నో దేశాల ఇంజినీర్ల బల్లల మీద ఉంటుంది. ఉష్ణం, ప్రవాహాల మీద గార్ట్‌లింగ్‌తో కలిసి రాసినది విడిగా ఉంది.

ఆ పద్ధతిలో ఉష్ణోగ్రతని చిన్న చిన్న సరళరేఖల అతుకులుగా ఊహిస్తారు. సరళరేఖకి రెండో అవకలజం సున్నా, అతుకు దగ్గర అసలు ఉండనే ఉండదు. ఇక పని ఎలా జరిగేను? ఇంటర్ రెండో ఏడాదిలో బట్టీ పట్టిన ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ ఇక్కడ అక్కరకొస్తుంది. సమీకరణాన్ని ఒక తూకపు ప్రమేయంతో గుణించి సమాకలనం చేసి, ఒక అవకలజాన్ని ఆ ప్రమేయం నెత్తిన పెడతారు. మిగిలేవి రెండు మొదటి అవకలజాలు, వాటికి సరళరేఖలు చాలు. ఒక్కో ముక్కకీ వచ్చేది నాలుగంకెల చిన్న పట్టిక: 1, మైనస్ 1, మైనస్ 1, 1. ఒక కొస నుంచి పోయింది రెండో కొసకి చేరింది, అంతకుమించి అందులో ఏమీ లేదు. పక్కపక్క ముక్కల పట్టికలను కలిపి కుడితే మధ్యలో రెండు ఒకట్లు కలిసి 2 అవుతుంది: మైనస్ 1, 2, మైనస్ 1. గుర్తులు తిప్పితే రిచర్డ్‌సన్ కుర్రాళ్లు కూలికి వేసిన అంకెలే.

ఇంతకన్నా మెరుగైన సూత్రాలు లేవా అంటే ఉన్నాయి. పైన చెప్పిన రంపపు పళ్ల పరీక్షలో, దూరం ఒకటి అనుకుని మైనస్ గుర్తు పక్కన పెడితే, అసలు జవాబు 9.87 రావాలి. మన మూడంకెలు 4 ఇస్తాయి, ఐదు బిందువుల సూత్రం 5.33. పొరుగు బిందువుల రెండో అవకలజాలను కూడా కలిపి సాధించే కాంపాక్ట్ పద్ధతుల్లో సరళమైనది 6 ఇస్తుంది. ఈ జాతి సూత్రాలను సంజీవ లేలే 1992లో ఒక కొలిక్కి తెచ్చాడు, ప్రవాహపు సుడుల్లోని చిన్న మడతలను పరిశోధించేవాళ్లకి అవి ప్రాణం. ఫెర్మెంటర్ లాంటి వంకర పాత్రలో మాత్రం వాటి కోసం ఆరాటపడటం దండగ. అక్కడ తప్పు పుట్టేది వేరేచోట, దాని సంగతి చివర్లో.

కాలంలో ముందుకి నడిపేటప్పుడు దూరపు వర్గం మళ్లీ అడ్డం తిరుగుతుంది. స్టీలు గోడలో మిల్లీమీటరు గళ్లు వేసి, ఒకే దిక్కున, పాత విలువలతోనే కొత్తవి కట్టే తేలిక పద్ధతిలో పోతే అడుగు సెకనులో ఎనిమిదో వంతు దాటకూడదు. గంటసేపటి వేడిని చూడాలంటే 28,800 అడుగులు. గళ్లను పదోవంతుకి సన్నం చేస్తే 28 లక్షల 80 వేలు, అడుగడుక్కీ గళ్లూ పదింతలు. 1947లో జాన్ క్రాంక్, ఫిలిస్ నికల్సన్ పాత, కొత్త విలువల సగటు తీసుకుని ఈ సంకెల తెంచారు. ఆ తర్వాత మిగిలేది సమీకరణాలను సాధించడం, అది మరో వ్యాసానికి సరిపడా కథ. ఒక గడి చుట్టూ నాలుగు హద్దుల వేగాలనూ, మధ్య పీడనాన్నీ ఒక్కసారే సరిదిద్దుతూ గడి గడికీ నడిచే 1986 నాటి ఎస్.పి. వంక పద్ధతి అందులో పెద్ద ఘట్టం. గణితవేత్తలు ఇప్పటికీ దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఇప్పుడు ఆ తప్పు సంగతి. ఒక పలక ఉంది, లోపలంతా సమానంగా వేడి పుడుతోంది, రెండు పక్కలా గోడలను చల్లగా ఒకే ఉష్ణోగ్రత దగ్గర పట్టి ఉంచారు. దీనికి అసలు జవాబు పరావలయం. లోపలి హద్దులన్నిటి దగ్గరా మన సూత్రం పరావలయానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది, కాస్త కూడా తప్పు లేదు. గోడ దగ్గర ఏం చేస్తామంటే, తొలి గడి మధ్య నుంచి గోడ దాకా ఉన్న సగం దూరంలో సరళరేఖ గీసి వాలు తీస్తాం. పరావలయానికి ఆ వాలు సరిపోదు. వింతేమిటంటే గోడ దాటే వేడి అప్పటికీ తప్పదు, ఎందుకంటే జమాఖర్చు దాన్ని ముందే కట్టిపడేసింది. వాలు తప్పలేకపోయేసరికి ఉష్ణోగ్రతలు సర్దుకుంటాయి: అన్ని గళ్లూ ఒకే మేరకు అసలుకన్నా వేడిగా తేలతాయి. ఆ మేర ఎంతో కాగితం మీదే తేల్చుకోవచ్చు. గళ్ల సంఖ్య వర్గంతో ఒకటిని భాగిస్తే ఎంతో, పలక గరిష్ఠ ఉష్ణోగ్రత పెరుగుదలలో అంత భాగం. 5 గళ్లయితే నూటికి 4, పదయితే నూటికి 1, ఇరవయ్యయితే పావు.

గోడ విలువనీ తొలి రెండు గళ్లనూ కలిపి పరావలయం గీస్తే, అంటే తొలి గడి విలువకి 9, రెండోదానికి మైనస్ 1, గోడకి మైనస్ 8 వేసి గడి వెడల్పుకి మూడింతలతో భాగిస్తే, ఈ పలకలో ఆ తప్పు పూర్తిగా పోతుంది. ఓపెన్‌ఫోమ్ మామూలుగా ఆ పని చేయదు. సగం దూరపు సరళరేఖతోనే సరిపెట్టుకుని, గోడ పక్కన గళ్లను సన్నగా పేర్చుకునే బాధ్యతని మెష్ వేసేవాళ్లకి వదిలేస్తుంది.